ఆకు తిప్పి చూసినవాడు లేడు

మొన్న మాఘమాసంలో మా మనవడు నూజివీడు పక్కనున్న మా చిన్నరసాల మామిడి తోటకి మూడుసార్లు మందు కొట్టించాడు. ఆకుల మీద మసి పోలేదు. ఏం కొట్టావురా అంటే, "మందుల కొట్టాయన ఇచ్చింది తాతయ్యా" అన్నాడు. మూడూ తెగులు మందులే! ఆకు మీద వేలు రాయమన్నాను. జిగురు. పూతకొమ్మ దులిపితే తేనెమంచు పురుగులు మొహాన పడ్డాయి. అవి కార్చే జిగురు మీదే ఆ మసి పెరిగేది. పురుగుని వదిలేసి బూజుని కొడితే పోతుందా? మా రోజుల్లో ముందు పురుగు సంగతి చూసి, తర్వాత పలచటి గంజి కొట్టేవాళ్ళం. ఎండకి గంజి ఆరి పొరలుగా ఊడితే, మసి దాంతోపాటే రాలేది.

మచ్చ తెగులుకైతే బోర్డో మందు. 100 లీటర్ల నీళ్ళకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ఇనప పాత్ర తగలనివ్వకుండా కుండల్లో విడివిడిగా కరిగించి, ఆపైన కలపాలి. కలిపాక మా నాన్న మొలలోంచి చాకు తీసి అందులో ముంచేవాడు. చాకుకి ఎర్రగా రాగి పట్టిందా, ఇంకో గుప్పెడు సున్నం పడాల్సిందే. లేకపోతే ఆకు మాడుతుంది. అదే చాకుతో వక్కలు కోసుకునేవాడు, అది మాత్రం తప్పే.

మా కాలంలో తెగుళ్ళు లేవని కోతలు కొయ్యను. ఒక ఏడాది పూతంతా బూడిద పట్టి, ఒక్క పిందె నిలవలేదు. లీటరుకి 3 గ్రాముల నీటిలో కలిసే గంధకం, పూమొగ్గ విచ్చకముందే కొట్టాలని అప్పుడు మాకు చెప్పినవాడు లేడు. ఇప్పటివాళ్ళకి అన్నీ తెలుసు. అయినా పూత విరగబూశాక నాలుగు మందులు ఒకే డ్రమ్ములో కలిపి కొడతారు. తేనెటీగలు చచ్చాక పిందె పడలేదని ఏడుస్తారు.

పైగా ఈ ఇరుకొకటి. మేం 10 మీటర్లకో మొక్క పెట్టాం, ఎకరాకి 40. ఇప్పుడు 5 మీటర్లకే, ఎకరాకి 160. ఏటా కొమ్మలు కత్తిరిస్తే సరే. మావాడు కత్తెర పట్టడు. గాలాడక, ఎండ దూరక, పొద్దుటి మంచు పదింటిదాకా పూతని వదలదు. బూడిద తెగులుకి అంతకన్నా ఏం కావాలి?

ఈసారి మొగ్గ మీద ఉండగానే రమ్మన్నాను వాణ్ణి. డ్రమ్ము ఇంటి దగ్గర వదిలేసి, కత్తెర తెచ్చుకొమ్మన్నాను.