మా రోజుల్లో పెద్దక్క ఉండేది

ఇప్పుడు దేనికైనా క్లాసే. ఉద్యోగం చేసే ఆడపిల్ల ఇల్లూ ఆఫీసూ రెండూ ఎలా నెట్టుకురావాలో చెప్పడానికి కూడా ఫోన్లో గంట క్లాసు. తెల్లవారుజామున లేవమంటారు, పనులన్నీ కాగితం మీద రాసుకోమంటారు, ధ్యానం చేయమంటారు. చివర్లో ఒక సర్టిఫికెట్ పంపిస్తారు. ఆ పిల్ల చంటిబిడ్డను ఎవరి దగ్గర వదిలి వస్తోందో చెప్పేవాళ్లకు తెలియదు, అడగరు కూడా.

మా రోజుల్లో ఈ పని బోనకల్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద జరిగేది. ఖమ్మం నుంచి ప్యాసింజర్లో వచ్చి దిగేవాళ్లం, పంతులమ్మలం, నర్సమ్మలు, బ్యాంకు అమ్మాయిలు. అక్కడి నుంచి ముష్టికుంట్లకో, రావినూతలకో ఎవరి దారి వాళ్లది. కొత్తగా చేరిన పిల్ల బిక్కుబిక్కుమంటూ కనిపిస్తే ఎవరో ఒక పెద్దక్క పక్కన కూర్చోబెట్టుకునేది. "మీ ఆయన ఏం చేస్తాడు? బిడ్డను ఎవరు చూస్తున్నారు? సీఎల్‌లు ఎన్ని మిగిలినయ్?" అని ముందు వివరం కనుక్కునేది. సలహా ఆ తర్వాతే.

నన్ను అట్లా చేరదీసిన పెద్దక్క కండెన్స్‌డ్ కోర్సు చదివి టీచరైన మనిషి. ఆ కోర్సుల వెనుక దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఉన్నారు. బెనారస్ మెట్రిక్ పరీక్షకు మద్రాసులోని తెలుగు ఆడపిల్లలను తయారుచేస్తూ 1937లో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టిన ఆమె, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు. పెళ్లితోనో పేదరికంతోనో చదువాగిపోయిన ఆడవాళ్ల కోసం ఆ బోర్డు 1958లో కండెన్స్‌డ్ కోర్సులు పెట్టింది. అందులో చదివినవాళ్లు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, గ్రామసేవికలయ్యారు. తనను ఒకరు చేయిపట్టి నిలబెట్టారు కాబట్టి, ఇంకొకరి చేయి పట్టుకోవడం తన బాధ్యత అనుకునేది మా అక్క.

ఆమె చెప్పినవన్నీ పనికొచ్చే మాటలు. సెలవు చీటీ ఎట్లా రాయాలో నేర్పింది. సర్వీస్ రిజిస్టరులో ఎంట్రీలు పడ్డాయో లేదో ఏటా నీ కళ్లతో చూసుకోమంది. జీతం నీ ఖాతాలోనే పడాలంది. అంతటితో ఆగలేదు. ఒక ఆదివారం ఇంటికొచ్చి మా అత్తగారి పక్కన చాప మీద కూర్చుని, "అత్తమ్మా, కోడలి జీతం ఈ ఇంటికే గదా. సాయంత్రం పొయ్యి మీ అబ్బాయి ముట్టిస్తే తప్పేముంది?" అని నిలదీసింది. ఏ క్లాసు చెబుతుంది ఆ మాట?

హక్కుల సంగతికొస్తే ఇప్పుడే నయం, కాదనను. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వ నియామకాల్లో ఆడవాళ్లకు 30 శాతం రిజర్వేషన్ 1984లో గాని రాలేదు. 1961 నాటి ప్రసూతి చట్టం 12 వారాల సెలవిస్తే, 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాలు చేసింది. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో పిల్లలను చూసుకునే కేంద్రం ఉండాలంది, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చంది. తెలంగాణ ప్రభుత్వం మహిళా ఉద్యోగులకు 2016లో 90 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఇచ్చింది.

ఇన్ని ఉన్నా కొత్త పిల్లకు చెప్పేవాళ్లేరి? ఇప్పుడు ఎవరి స్కూటీ వాళ్లది, ఎవరి ఫోన్ వాళ్లది. గంట కొట్టగానే ఎటువాళ్లు అటే. దీనికంటే నా కడుపు మండేది ఇంకొకటుంది. బిడ్డకు జ్వరమని ఓ పిల్ల చైల్డ్ కేర్ లీవు అడిగితే, "మేం పడలేదా? మాకెవరిచ్చారు?" అని మా వయసు ఆడవాళ్లే మూతి తిప్పుతున్నారు. మనం పడ్డ కష్టం వాళ్లకు తప్పించాలి గాని వాళ్ల నెత్తికెత్తడం ఏం పెద్దరికం?

ఇంకో మాట. క్లాసులన్నీ ఆడపిల్లకే. 2024లో కేంద్రం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పనిలో చేయి వేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. మూడు గంటలకు పైగా తేడా. తెల్లవారుజామున ఎంత తొందరగా లేస్తే ఆ లోటు తీరుతుంది? కూర్చోబెట్టి చెప్పాల్సింది మొగుడికి, అత్తమామలకు. ఆ మాట వాళ్లతో అనగలిగేది ఇంటి గడప తొక్కి వచ్చే పెద్దక్కే.

అందుకే సీనియర్ టీచరమ్మలూ, సిస్టర్లూ, ఆఫీసుల్లో పెద్ద కుర్చీల్లో ఉన్న అమ్మలూ, మీ చోట కొత్తగా చేరిన ఒక్క పిల్లను మీదిగా చూసుకోండి. ఆమెకు ఏ సెలవు హక్కో చెప్పండి, ఆ సెలవు ఇప్పించండి. ఒక ఆదివారం ఆమె ఇంటికి వెళ్లి రండి. రిటైరయ్యే రోజున కప్పే శాలువాకంటే మీకు అదే ఎక్కువ గౌరవం.