ఎక్కే ముందు ఉరకాలె

"ఇయ్యాల ఎవరూ గుర్రం ఎక్కేది లేదు" అన్నాడు కోచ్.

హైదరాబాద్‌లో చీకటితోనే బయల్దేరి, జనగామలో ఆగి ఇడ్లీలు తిని, పాలకుర్తి చేరిన ఎనిమిది మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొందరు ఈ రెండు రోజుల కోసమే మోకాలి దాకా వచ్చే బూట్లు కొన్నారు. ఒకాయన హెల్మెట్‌కు కెమెరా బిగించుకుని దిగాడు. అందరూ ఐటీ ఉద్యోగులే, నా మేనల్లుడితో సహా. వాడి పుణ్యమా అనే ఈ ఏర్పాటంతా నా నెత్తిన పడింది. బడిలో పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు ఎకరం రెండెకరాల వరి చూసుకుంటున్నవాణ్ని. సోమేశ్వరస్వామి గుట్ట కనపడేంత దూరంలో మా పొలం కోతలయ్యి ఖాళీగా ఉంది. బోరుంది, వరిగడ్డి ఉంది. "రెండ్రోజులే మామా" అన్నాడు. సరే అన్నాను. గుర్రాలైతే ముందురోజు రాత్రే రెండు డీసీఎంలలో వచ్చి దిగాయి.

వాటిలో సగం ఒకప్పుడు మలక్‌పేట రేసుకోర్సులో పరుగులు తీసినవి. రేసు గుర్రం నౌకరీ విచిత్రమైనది. రెండేళ్ల వయసుకే పందెంలోకి దించుతారు, పదేళ్లు నిండకముందే పక్కన పెడతారు. బతుకు మాత్రం పాతికేళ్లు. మిగిలినవి మార్వాడీ గుర్రాలు. వాటి చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి, ఒక్కసారి చూస్తే మళ్లీ ఎక్కడైనా గుర్తుపట్టొచ్చు.

కోచ్ చెప్పే తీరు, మాస్టారుగా, నాకు నచ్చింది. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు దొరక్కుండా పారిపోయి బతికిన జంతువు అని మొదలుపెట్టాడు. కళ్లు తలకు చెరో పక్క ఉండటం వల్ల దాదాపు చుట్టూ చూస్తుంది. సరిగ్గా నుదుటి ముందు కాస్త, తోక వెనక కాస్త కనపడదు. కనపడని చోటు నుంచి వచ్చి చెయ్యి వేస్తే, తన్నడం దాని తప్పు కాదు. భుజం పక్కనుంచి రావాలి, ముందు గొంతు వినిపించాలి, ఆ తర్వాతే మెడ మీద చెయ్యి. తాడు లాగిపట్టుకుంటే అదీ ఎదురు లాగుతుంది. ఐదు వందల కిలోల జీవితో బలం పరీక్షించుకుని గెలిచినవాడు లేడు. కొంచెం లాగాలి, అది ఒక్క అడుగు వేసిందా, వెంటనే వదులు చెయ్యాలి. ఆ వదులే దానికి బహుమానం. చెవులు వెనక్కి అణిచిందంటే కోపం. ఒక చెవి మన వైపు తిప్పిందంటే వింటోంది. తల దించి పెదాలు చప్పరించిందంటే కుదుటపడింది.

"మీరు నడిస్తే అది నడవాలి, మీరు ఉరికితే ఉరకాలి, ఆగితే ఆగాలి. మధ్యలో తాడు బిగుసుకోవద్దు. ఆ నమ్మకం నేల మీద కుదిరినాకనే పైకి ఎక్కుడు. రేపు పొద్దున బమ్మెర దాకా రైడ్. ఇయ్యాలంతా గ్రౌండ్ వర్కే."

ఓరుగల్లు సీమకు గుర్రాలు కొత్తేమీ కాదు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. దక్షిణాది రాజులందరికీ ఆ రోజుల్లో మేలుజాతి గుర్రాలు ఓడల్లోనే రావాలి. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో, పాండ్య దేశపు గుర్రాల గురించి ఒక తమాషా సంగతి రాశాడు. అక్కడివాళ్లకు గుర్రాన్ని సాకడం రాదట, ఏటా కొన్నవి కొన్నట్టే చస్తుంటాయట. అమ్మే వర్తకులు గుర్రపు వైద్యుణ్ని మాత్రం ఆ గడ్డ మీద కాలు పెట్టనివ్వరట. గుర్రాలు బతికితే బేరం చస్తుంది కదా! గుర్రం పేరు చెప్పి ఎవరి జేబు ఖాళీ అవుతుందో, ఎవరిది నిండుతుందో అప్పుడూ ఇప్పుడూ తేల్చడం కష్టమే.

ఎండెక్కేసరికి మా పొలం గట్టు నిండింది. నెలకు లక్షలు తెచ్చుకునే మనుషులు చేత తాడు పట్టుకుని, వరి కొయ్యకాళ్లలో కాళ్లు గీరుకుంటూ, గుర్రం పక్కన రొప్పుతూ ఉరుకుతుంటే చూడ్డానికి ఎవరు రారు? పిల్లలు ఈలలు వేస్తున్నారు. కొత్త బూట్లవాళ్లలో ఒకాయన ఒడ్డు తట్టుకుని బోర్లా పడితే గుర్రం ఆగి, వంగి వాసన చూసింది. కోచ్ చప్పట్లు కొట్టాడు. "చూసిండ్రా, ఆగింది! అదే నమ్మకం."

భుజాన తువ్వాల, చేతిలో కట్టెతో ఒక ముసలాయన నా పక్కన వచ్చి నిలబడ్డాడు. ఎనభై దాటినవాడు. ఊరివాడే, నాకు తెలిసినాయనే.

"సారూ, ఈళ్లెందుకు ఉరుకుతుండ్రు?"

"గుర్రాలను మచ్చిక చేసుకుంటుండ్రు పెద్దయ్యా."

"మీద ఎవలూ లేరు గదా?"

"లేరు."

"మరి ఎవల ముంగట ఉరుకుతుండ్రు?"

ఎవరి కోసమూ కాదు, వాళ్ల కోసమేనన్నాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. బళ్లో చాలామంది పిల్లలు నన్నట్లా చూసేవారు, లెక్క జవాబు నేనే తప్పు చెప్తున్నానని వాళ్లకు అనిపించినప్పుడు.

ఇంతలో మా వాడి గుర్రం మొండికేసింది. ఎర్ర రంగు ఆడ గుర్రం, నుదుటన తెల్ల చుక్క. లాగినా కదలదు, వదిలినా కదలదు, బెల్లం ముక్క చూపిస్తే మెడ మాత్రం చాస్తుంది. కోచ్ వచ్చాడు, తాడు మార్చాడు, వెనక్కి నడిపించబోయాడు. "దీని మూడ్ బాగలేదు, కొంచెం టైమిద్దాం" అన్నాడు.

ముసలాయన కట్టె నా చేతికిచ్చి గట్టు దిగాడు. దాని ముందు నుంచి పోలేదు, వెనక నుంచీ పోలేదు. పక్కన చేరి, నాలుకతో టక్ టక్ మని చప్పుడు చేస్తూ, మెడ మీంచి భుజానికి, భుజం మీంచి కాలికి అరచెయ్యి జార్చుకుంటూ వంగాడు. మోకాలి కింద వేళ్లతో నొక్కగానే గుర్రం తనంత తానే కాలెత్తి ఆయన తొడ మీద పెట్టింది. డెక్క మధ్యలో, లాడానికీ మెత్తని భాగానికీ సందున, చింతగింజంత కంకర రాయి. మా వాడి కారు తాళంచెవి అడిగి దాంతో మెల్లగా తోడి తీశాడు. బొటనవేలితో ఆ చోటు వత్తి చూశాడు. కాలు దించి, తాడు ముట్టుకోకుండా తన దారిన తాను గట్టు వైపు నడిచి వచ్చాడు. గుర్రం ఆయన భుజానికి మూతి ఆనించి వెనకే వచ్చింది.

కోచ్‌కు మాట రాలేదు. కాసేపటికి, "తాతా, ఎక్కడ నేర్చుకున్నవ్?" అన్నాడు.

"జనగామల టాంగా నడిపిన బిడ్డా. నాకు మా నాయన నేర్పిండు. మా నాయన గడిల గుర్రాల కాడ ఉండె."

చాయ్ వచ్చింది. కుర్రాళ్లు చుట్టూ చేరారు. గడి అంటే ఏమిటని ఒకమ్మాయి అడిగింది. ముసలాయన నా వైపు చూశాడు, నువ్వు చెప్పు సారూ అన్నట్టు. పాఠం చెప్పడం నా జబ్బు కాబట్టి చెప్పాను. గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు అన్నాను. మా పాలకుర్తి పాల్కురికి సోమన పుట్టిన ఊరే కాదు, చాకలి ఐలమ్మ ఊరు కూడా అన్నాను. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పండిన పంట ఎత్తుకుపోవడానికి వస్తే, సంఘాన్ని వెంటబెట్టుకుని ఆ వడ్లు ఇల్లు చేర్చుకున్న మనిషి. దగ్గర్లోని కడవెండిలోనే 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయాడు, తెలంగాణ సాయుధ పోరాటం అక్కడ రాజుకుంది. అంతకుముందు ఊరికి ఊరే గడికి వెట్టి. చాకలి బట్టలు, కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, అన్నీ ఉత్త పుణ్యానికే. దొర బండెక్కితే ముందు కొందరు, వెనక కొందరు ఉరకాలి. దొర బిడ్డ పెళ్లయినా, ఇంట్లో పండుగైనా ఖర్చు మళ్లీ ఊరి మీదే వసూలు. గుర్రానికి ఉలవలు ఉడికేవి, ఉడికించినవాడికి గటక దొరికితే దొరికినట్టు.

"మా నాయన గడ్డి కోసుడు, మాలీసు చేసుడు, దొర ఎక్కితే ముంగట ఉరుకుడు" అన్నాడు ముసలాయన, చాయ్ ఊదుకుంటూ. "గుర్రం కంటె ఎనుకబడొద్దు. ఎనుకబడితే చెర్నాకోల దానికి గాదు, ఈనకు."

అమ్మాయి ఇంకేదో అడగబోయింది. కోచ్ విజిల్ ఊదాడు. గ్రౌండ్ వర్క్ రెండో విడత.

మర్నాడు పొద్దున రైడ్ హాయిగా సాగింది. ఎవరూ పోటీ పడలేదు, ఎవరూ దౌడు తీయించలేదు. గుర్రానికీ గుర్రానికీ మధ్య ఇంకో గుర్రం పట్టేంత ఎడం. తన్నే అలవాటున్నదాని తోకకు ఎర్ర రిబ్బను, వెనకవాడు దూరంగా ఉండాలని. ముందు గుర్రం పరుగందుకుంటే వెనకవన్నీ అందుకుంటాయి కాబట్టి, కోచ్ అన్నిటికన్నా నిమ్మళమైనదాన్ని ముందు పెట్టాడు. జీను కిర్రుమంటోంది, డెక్కల కింద బండ్లబాట దుమ్ము లేస్తోంది, దారిన పోయే బర్రెలు గుర్రాలను చూసి ఆగిపోతున్నాయి. మా వాడు పగ్గాలు వదులుగా పట్టుకుని, రికాబుల్లో మడమలు కిందికి దించి, పెళ్లికొడుకు కన్నా గొప్పగా కూర్చున్నాడు. నీళ్ల క్యాన్లతో నేను టీవీఎస్ ఎక్సెల్ మీద వెనకాల. నా వెనక ముసలాయన, ఒళ్లో నానబెట్టిన ఉలవల సంచితో.

రాజులకు కావ్యం అంకితమివ్వనని నాగలి పట్టాడని చెప్పుకునే పోతన ఊరికి ఇలా అశ్వదళంతో వెళ్లడం నాకు కొంచెం సిగ్గనిపించింది. బమ్మెర వాళ్లకు మాత్రం అనిపించలేదు. సెల్ఫీలు దిగారు.

చెట్టు కింద గుర్రాలను కట్టేసి అందరూ పులిహోర పొట్లాలు విప్పారు. ముసలాయన ఒక్కో గుర్రానికీ దోసిట్లో ఉలవలు పెట్టి వచ్చాడు. ఎర్ర గుర్రం మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తామని పిల్లలు బతిమాలారు. మోకాళ్లు ఒప్పుకోవన్నాడు. మా వాడి పక్కన చతికిలబడి, ఫోన్‌లో వాడు చూసుకుంటున్న నిన్నటి వీడియోలోకి తొంగి చూశాడు. అందులో మా వాడు గుర్రం పక్కన ఉరుకుతున్నాడు.

"దీనికి ఎంత బిడ్డా?"

"గుర్రానికా తాతా?"

"గాదు, నీకు. ఇదంత ఉత్తగనే కాదు గద?"

"రెండ్రోజులకు ఆరు వేలు తాతా. ఈ రైడ్‌కు రెండు వేలు, నిన్నటి గ్రౌండ్ వర్క్‌కు నాలుగు."

"అంటె ఎక్కినందుకు రెండు, ఉరికినందుకు నాలుగా?"

"అవును తాతా. అసలు కష్టమంతా అందులోనే ఉంది గదా."

"నాలుగు వేలు నీకిచ్చిండ్రా?"

"నాకెందుకిస్తరు? మేమే కోచ్‌కు కట్టినం."

ముసలాయన పులిహోర పొట్లం పక్కన పెట్టాడు. మా వాణ్ని చూశాడు, చెట్టుకు కట్టేసిన గుర్రాన్ని చూశాడు, చివరికి నా వైపు తిరిగాడు. బోసినోటితో నవ్వడం మొదలుపెట్టి, దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"ఇంకా నయం సారూ, ఇట్ల ఫీజుంటదని గడి దొరకు ఎర్కలేకపాయె. ఎర్కయితే మా నాయన ఉరికినన్ని ఏండ్లకూ లెక్కగట్టి వసూలు జేస్తుండె."