డబ్బు కట్టి పారిపోయేవాళ్లు

మళ్లీ వచ్చింది ఆ సర్వైవల్ క్యాంపు ప్రకటన. ఈసారి మా శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల కుర్రాళ్ల ఫోన్లలోకి కూడా దూరింది. అడవిలో ఒంటరిగా బతకడం, శత్రువు కన్నుగప్పడం, చేతులకు బిగించిన ప్లాస్టిక్ కట్లు తెంపుకోవడం, అన్నీ శని, ఆదివారాల్లో నేర్పేస్తారట. సోమవారం పొద్దున్నే యథావిధిగా ఆఫీసులో లాగిన్ అవ్వచ్చు.

చకుముకి రాయితో నిప్పు పుట్టించడాన్ని నేనేమీ అనను. తడిసిన కట్టెలతో ముసలమ్మ పొయ్యి రాజేస్తే వంట, జేబులో లైటరున్న పెద్దమనిషి అదే పని చేస్తే సర్వైవల్. పోనీలెండి, ఎవడి సరదా వాడిది.

నా మంటంతా ఆ తప్పించుకునే విద్య మీదే. చీకటి పడుతుండగా తలో వీపుసంచీ ఇచ్చి సరుగుడు తోటలో వదిలేస్తారు. కాసేపాగి వెంటాడేవాళ్లు బయల్దేరతారు. తెల్లారేదాకా దొరక్కపోతే సర్టిఫికెట్. దొరికితే? దొరికినా సర్టిఫికెట్టే, డబ్బు కట్టాడు కదా! మధ్యలో బిర్యానీ విరామం. వెజ్జో నాన్‌వెజ్జో ముందే చెప్పాలి. శత్రువుకు కూడా ఏర్పాట్లంటూ ఉంటాయి.

అసలు నిన్నెవరు తరుముతున్నారు బాబూ? విమానం కూలి పగవాడి దేశంలో దిగిన పైలట్‌కు కావాలి ఆ చదువు. కొరియా యుద్ధంలో బందీలైన సైనికుల గతి చూశాక అమెరికా సైన్యం దాన్ని గట్టిపరిచింది. నువ్వు దిగేది విశాఖ కొమ్మాది బస్టాపులో. నీ వెనకపడేది మహా అయితే క్రెడిట్ కార్డు రికవరీ వాడు. వాడి నుంచి తప్పించుకోవడానికి ముఖానికి మసి పూసుకోనక్కర్లేదు, ఫోను ఆపేస్తే చాలు.

వెంటాడే వేషం ఎవరిదో తెలుసా? పైడిభీమవరం కంపెనీల్లో కాంట్రాక్టు పని పోయిన మన కుర్రాళ్లదే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ తోటల్లో తిరిగినవాళ్లు, కళ్లకు గంతలు కట్టినా అయిదు నిమిషాల్లో పట్టుకొచ్చేస్తారు. అదే చిక్కు. "పొద కింద బూటు అవుపిస్తన్నా సూడనట్టు ఎల్లిపోవాల బావూ, నేకపోతే సారుకి మజా రాదంట" అన్నాడొకడు. కూలిచ్చి మరీ గుడ్డితనం చేయిస్తున్నారు. పొద్దున్న ఆ సారు వీడి భుజం మీద చెయ్యేసి ఫొటో దిగి, కింద ఏం రాసుకున్నాడనుకున్నారు? వేటగాళ్లను ఓడించాను అని!

తరమడమంటే ఏమిటో ఈ జిల్లా కొండలకు తెలుసు. నక్సలైటు నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో పోలీసు తూటాలకు పోయారు. వాళ్ల దారి నచ్చినా నచ్చకపోయినా, అక్కడ బిర్యానీ విరామం ఎవరూ ఇవ్వలేదు.

ఇక నవ్వు రావడం లేదు. మత్స్యలేశం, బడివానిపేట అనే జాలరి ఊళ్లు మా మండలంలోవే. పాకిస్తాన్‌కు చిక్కిన అక్కడి జాలర్ల కథ మీద వచ్చిన సినిమాకు ఈలలేశాం, బయటికొచ్చి మర్చిపోయాం. 2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ బోట్లెక్కి వేటకెళ్లినవాళ్లు, నీళ్ల మీద కనపడని సరిహద్దు గీత దాటారని పాకిస్తాన్‌కు చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైలు. 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టారు. మూడు నెలలు తిరిగేసరికి లాక్‌డౌన్. అదే వెరావల్‌లో, మన ఉత్తరాంధ్ర జాలర్లు వేలమంది బోట్లలోనే ఇరుక్కుపోయారు. వాళ్లకెవరు నేర్పారు సర్వైవల్? ఇంత సముద్రం గుమ్మం ముందు పెట్టుకుని గుజరాత్ దాకా కూలికెందుకు పోతున్నారు? బుడగట్లపాలెం హార్బరు మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. 61 రోజుల వేట నిషేధానికి 20,000 రూపాయల సాయం 2025 ఏప్రిల్‌లో ఆ ఊళ్లోనే మొదలెట్టారు, సంతోషం. మిగతా పది నెలల సంగతో?

మామూలు జనానికి నేర్పే దారులు లేకనా ఈ వేషాలు? ఆపద మిత్ర అని కేంద్ర పథకమొకటుంది, వరదల్లో తుపాన్లలో సాటి మనిషిని కాపాడటం వాలంటీర్లకు 12 రోజులు నేర్పుతారు. భువనగిరి గుట్ట మీద రాళ్లెక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కింది. తిత్లీ తుపాను చూసిన జిల్లా ఇది. ఇక్కడ నేర్చుకోవలసినవి మునిగినవాణ్ణి ఒడ్డుకు లాగడం, పాము కరిస్తే కొయ్యకుండా, పీల్చకుండా, మంత్రగాడి గుమ్మం తొక్కకుండా ఆసుపత్రికి చేర్చడం. కానీ వీటికి నల్ల బనియను అక్కర్లేదు, ముఖాన మసి అక్కర్లేదు. రీల్ బాగా రాదు మరి.

క్యాంపు సార్లకు ఒక మనవి. చంద్రుడు లేని రాత్రి, వల నీళ్లలో ఉండగా, గాలికి కొట్టుకుపోతున్న బోటులో నిలబడి ఆ గీత ఎటుపక్క ఉందో కనిపెట్టే కోర్సు ఉంటే చెప్పండి. జీఎస్టీతో సహా ఫీజు మేం చందాలేసుకుని కడతాం. బిర్యానీ వద్దు.