సబ్జెక్టు మార్చినా నేను పోను

మీరు ‘రిప్లై’ నొక్కగానే నేను పుడతాను. ఉత్తరం పైన ఎవరూ తెరిచి చూడని హెడర్లలో ‘ఇన్-రిప్లై-టు’ అని ఒక వరస ఉంటుంది. అది నేనే. నాలో ఉండేదల్లా మీరు ఏ ఉత్తరానికి జవాబిస్తున్నారో దాని మెసేజ్ ఐడీ, అంతే.

1977 నాటి ఈమెయిలు ప్రమాణాల పత్రం ఆర్‌ఎఫ్‌సి 733లోనే నా పేరుంది. అయితే చిన్నప్పుడు నాకు నిలకడ తక్కువ. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 822 కూడా నాలో ఐడీయే ఉండాలని పట్టుబట్టలేదు, మామూలు మాటలున్నా సరేనంది. దాంతో కొన్ని ప్రోగ్రాములు ‘ఫలానా తేదీ నాటి మీ ఉత్తరం’ అని నింపి పంపేవి. ఒకే రోజు పది ఉత్తరాలొస్తే అందులో ఏదని యంత్రం పోల్చుకుంటుంది? 2001లో ఆర్‌ఎఫ్‌సి 2822 వచ్చి, ఐడీలు తప్ప మరేవీ పెట్టకూడదని తేల్చింది.

మా అన్న పేరు ‘రెఫరెన్సెస్’. నేను తండ్రి పేరొక్కటే చెప్పి ఊరుకుంటాను. ఆయన ప్రవర చెప్పినట్టు తాతముత్తాతల్ని కూడా వరసగా అప్పజెబుతాడు. మధ్యలో ఒక ఉత్తరం అందకపోయినా చర్చ తెగదంటే అది ఆయన చలవే.

జనం మాత్రం చర్చను నడిపేది సబ్జెక్టే అనుకుంటారు. నా బాధంతా అక్కడే. ఒక తెలుగు సాహితీ మెయిలింగ్ లిస్టు సంగతి చెబుతాను. ఉత్పలమాలలో పదో అక్షరం యతి దగ్గర మొదలైన చర్చ ప్రాసయతి మీదుగా ఎక్కడెక్కడికో పోతోంది. ఒకాయనకు పుస్తక ప్రదర్శన గురించి అడగాలనిపించింది. లిస్టు చిరునామా టైపు చేయడానికి బద్ధకించి, చేతికందిన యతి ఉత్తరానికే రిప్లై కొట్టారు. పాత సబ్జెక్టు చెరిపారు, కింది పాఠమంతా చెరిపారు. నన్ను చెరపలేదు. ఎలా చెరుపుతారు, కనిపిస్తేగా! చర్చల్ని చెట్టులా చూపించే ప్రోగ్రాముల్లో ఆ ప్రశ్న యతి చర్చలో ఏడో మెట్టు కింద పోయి కూర్చుంది. ఛందస్సు మనకెందుకని ఆ చర్చను మూసేసుకున్నవాళ్ళకి అది కనబడనే లేదు. రెండు రోజులాగి ఆయన ‘ఒక్కరూ పలకరేం?’ అని నిష్ఠూరమాడారు.

జీమెయిల్ వాడేవాళ్ళకు ఈ గొడవ తెలియదు. సబ్జెక్టు మారితే అది వేరే సంభాషణగా చూపిస్తుంది. చేసిన తప్పు చేసినవాడికే కనపడనివ్వని మర్యాద అది. నాకు నచ్చదు.

డైజెస్టు తెప్పించుకునేవాళ్ళది ఇంకో తంతు. రోజు మొత్తం ఉత్తరాల కట్టకి ఒకే ఐడీ ఉంటుంది. దానికి రిప్లై కొడితే నాలో పడేది ఆ కట్ట ఐడీ. జవాబు ఎవరికో, దేనికో నేను చెప్పలేను. పైగా ఒక్క వాక్యం రాసి, కింద కట్టంతా అలాగే వదిలేస్తారు. జవాబుకు కావలసినంత మేరే పాత పాఠం ఉంచమని 1995లోనే ఆర్‌ఎఫ్‌సి 1855 చెప్పింది. లైనక్స్ కెర్నెల్ లిస్టులో ఇప్పటికీ అదే పద్ధతి. అడిగిన వాక్యం ఉంచి, దాని కిందే జవాబు రాసి, మిగతాది కత్తిరిస్తారు.

చర్చ దానంతటది దారి మళ్ళితే సబ్జెక్టు మార్చి, పక్కన బ్రాకెట్లో పాతది రాస్తే చాలు, నేను వెంట ఉన్నా ఇబ్బంది లేదు. సంబంధమే లేని మాటైతే ‘కొత్త మెయిల్’ నొక్కాలి. అప్పుడు నేను పుట్టను, అదే అందరికీ మేలు.

ఈ మాటే లిస్టు నిర్వాహకుడు ఆ పుస్తక ప్రదర్శన ప్రశ్న అడిగినాయనకు విడిగా రాశారు: ‘మాస్టారూ, కొత్త సంగతికి రిప్లై వద్దండీ.’ అలాగేనని లిస్టుకంతటికీ ఒక ఉత్తరం వచ్చింది. విప్పి చూస్తే అందులోనూ నేనున్నాను, యతి చర్చలో ఎనిమిదో మెట్టు మీద. సబ్జెక్టు మాత్రం కొత్తది: ‘క్షమించాలి, ఇంకో ప్రశ్న.’