ముక్క మానేసినవాడి మొర

నేను ముక్క మానేయడానికి కారణం దేవుడూ కాదు, డాక్టరూ కాదు. ఫోన్లో చార్జింగ్ లేకపోవడం.

ప్రతి ఆదివారం పొద్దున్నే మా వీధి చివర చికెన్ కొట్టుకు వెళ్ళేవాణ్ణి. కిలోన్నర అనేవాణ్ణి. కొట్టతను కోడిని తూచి, మెడ మీద కత్తి పెట్టి, నీలం డ్రమ్ములో పడేసేవాడు. అది అందులో కొట్టుకుంటున్నంతసేపూ నేను ఫోన్ చూసుకునేవాణ్ణి. పదేళ్ళుగా ఇదే వరస. నిరుడు సెప్టెంబరులో ఓ ఆదివారం సరిగ్గా ఆ సమయానికే ఫోన్ ఆరిపోయింది. చూడ్డానికి ఇంకేమీ లేక డ్రమ్మును చూశాను. ముందు దడదడ. తర్వాత ఒక్క దబ్బు. అయిపోయిందనుకుంటే ఇంకోసారి, చిన్నగా, గోళ్ళతో గీకినట్టు.

"స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా సార్?"

"వద్దు."

"ఏది వద్దు సార్?"

కోసేశాక బేరం వెనక్కి పోదు. డబ్బిచ్చి సంచీ ఇంటికి తెచ్చాను. ఆ కిలోన్నరా మిగతా ముగ్గురూ తిన్నారు. నేను ఆవకాయ కలుపుకున్నాను.

"ఏ దేవుడికి మొక్కుకున్నారు?" అంది మా ఆవిడ. ఎవరికీ లేదన్నాను. ఆమె మొహం మారింది. "రిపోర్టులో ఏమొచ్చింది? నా దగ్గర దాస్తున్నారు కదూ?" సాయంత్రానికి ఊరినుంచి అమ్మ ఫోను. "షుగరా నాయనా?"

నిజానికి లెక్క చూస్తే నేను మానేసింది పెద్దగా ఏమీ లేదు. మా ఇంట్లో సోమవారం శివుడిది, మంగళవారం ఆంజనేయుడిది, గురువారం సాయిబాబాది, శుక్రవారం లక్ష్మీదేవిది, శనివారం వెంకన్నది. కోడికి మిగిలినవి ఆదివారం, బుధవారం. వాటిమీద ఏకాదశో అమావాస్యో పడితే అవీ పోతాయి. శ్రావణం, కార్తీకం సరేసరి. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో తెలంగాణలో 15 ఏళ్ళు దాటినవాళ్ళు నూటికి 98 మందికి పైగా మాంసాహారులేనని తేలింది. దేశంలో మొదటి స్థానం మనదే. ఆంధ్రా కూడా ఆ చుట్టుపక్కలే. ఆ సర్వేవాళ్ళు శనివారం మా ఇంటికొచ్చి వంటింట్లోకి తొంగిచూసి ఉంటే మమ్మల్ని ఏ మఠానికో రాసి పోయేవాళ్ళు.

దేవుళ్ళ పేరు చెప్పి ఏడాదిలో మూడొంతుల రోజులు మానేస్తే ఎవరూ కారణం అడగలేదు. మాల వేసుకుని 41 రోజులు మానేస్తే 'స్వామీ' అని కాళ్ళకు దండం పెట్టారు. మిగిలిన ఆ రెండు రోజులూ కోడి పేరు చెప్పి మానేస్తానంటే మాత్రం ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుంది.

కార్తీకంలో కొంచెం నయం. అపార్ట్‌మెంటంతా నాకు తోడు. లిఫ్టులో అందరివీ నాలాంటి మొహాలే. పోలి పాడ్యమి వెళ్ళిన ఆదివారం చికెన్ కొట్టు ముందు క్యూ మలుపు తిరిగింది. అందులోంచి మా పైఫ్లాటాయన చెయ్యూపాడు. "అయిపోయిందండీ కార్తీకం! రండి రండి!" జైలు గేటు తీసినా బయటికి రాని ఖైదీని చూసినట్టు చూశాడు నన్ను.

తర్వాత ప్రోటీన్ పంచాయితీ. కింది ఫ్లాట్ జిమ్ము కుర్రాడికి నామీద బెంగ. "ప్రోటీన్ ఎలా అంకుల్?" ఐసీఎంఆర్ లెక్క కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. నేను 70 కిలోలు, అంటే 58 గ్రాములు. వంద గ్రాముల కందిపప్పులో 22 దాకా ఉంటుంది. అన్నం, పెరుగు, గుప్పెడు శనగలు కలిస్తే గట్టెక్కుతాను. అసలు చూసుకోవాల్సింది బీ12. అది మొక్కల్లో దొరకదు, పాలూ పెరుగూ మానకపోతే కాస్త వస్తుంది. ఇదంతా చెప్పబోయేసరికి వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు. ఇన్నేళ్ళూ శనివారం శనివారం పులిహోరతో సరిపెట్టినప్పుడు నా ప్రోటీన్ ఎవరికీ గుర్తు రాలేదు మరి.

మా ఆవిడ జాలిపడి మీల్ మేకర్ వండింది. నానబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టి, కోడికూర మసాలా అంతా దానికి పట్టించింది. కొరికితే మసాలా నీళ్ళు కారే స్పాంజి. ఆ మసాలానే మర్నాడు గుత్తివంకాయలో కూరింది. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి, రెండు లవంగాలు. రెండు పూటలా అదే తిన్నాను. ఇన్నాళ్ళూ నా నాలుక వెంపర్లాడింది కోడి కోసం కాదు, కోడికి పట్టించిన గసగసాల కోసమని 48వ ఏట తెలిసింది. రెండు గిన్నెలు పెట్టలేక ఆవిడ ఇంట్లో కోడి వండడమే మానేసింది. పిల్లలు తినేదేదో బయటే.

కనుమ నాడు మాత్రం ఓడిపోయేవాణ్ణే. కనుమనాడు మినుము తినాలన్నారు పెద్దలు. మినుమంటే గారె. ఆ గారెను నాటుకోడి పులుసులో ముంచాలని విడిగా చెప్పలేదు, చెప్పక్కర్లేదనుకున్నారు. అత్తారింట్లో మా బావమరిది గరిటె పట్టుకు నిలబడ్డాడు. "బావా, ముక్క వెయ్యన్లే, పులుసే." తెలుగునేల మీద శాకాహారం అంటే ముక్క పక్కకు తీసి పెట్టడం. బిర్యానీ అయినా అంతే, 'ముక్కలు తీసేసి రైస్ తిను' అంటారు. నేను గారెలు అల్లప్పచ్చడితో తిన్నాను. మా అత్తగారు నన్నింకా క్షమించలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. మొన్న మే నెలలో ఇల్లు వెతకాల్సి రావడం ఒక ఎత్తు.

ఒక గేటుకు 'శాకాహారులకు మాత్రమే' అని బోర్డు. పుట్టి బుద్ధెరిగాక అలాంటి గేటు గడియ ధైర్యంగా తీయడం అదే మొదలు.

"శాకాహారినండీ" అన్నాను, ఇంటాయన అడక్కముందే.

"ఎప్పట్నుంచి?"

"సెప్టెంబరు నుంచండీ."

నిన్ననే లైసెన్సు వచ్చినవాడు బస్సు తాళాలు అడిగినట్టు చూశాడు. "అది కాదు. ఇంతకీ మీరు... ఏవిట్లు?"

చెప్పాను.

"మీరు తినరు, సరే. మీవాళ్ళొస్తే వండరూ?" అని, నేను నోరు తెరిచేలోపే, "మా అబ్బాయి చికాగోలో ఉంటాడు. చలిదేశం కదా, అన్నీ తింటాడు పాపం. డిసెంబరులో వస్తాడు, పై పోర్షను వాడికే అట్టేపెట్టాం" అన్నాడు.

అన్నీ తినే అబ్బాయి శాకాహారి. ఏదీ తినని నేను మాంసాహారిని. ఆ బోర్డు మీద ఉండాల్సింది కులం పేరు, అచ్చుతప్పు వల్ల కూర పేరు పడింది.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తినివారు ఉబ్బసానికి చేపమందు ఇస్తారు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి గొంతులో వేస్తారు. ఆ మందును డాక్టర్లు నమ్మరు, అది వేరే గొడవ. అక్కడ 'శాకాహారిని' అని ఒక్కమాట అంటే చాలు, చేప పక్కనపెట్టి బెల్లంలో కలిపి ఇస్తారు. ఎప్పట్నుంచి అనరు, ఏవిట్లు అనరు. చేపలవాళ్ళు నమ్మిన మాటను ఇంటాయన నమ్మలేదు.

కాబట్టి పాఠకులకు మనవి. రెండు పడగ్గదులు, మంజీరా నీళ్ళు, మనిషిని చూసి అద్దెకిచ్చే ఓనరు. మీ వీధిలో ఎక్కడైనా టు-లెట్ బోర్డు కనిపిస్తే చెప్పండి. కింద చికెన్ కొట్టున్నా ఫరవాలేదు, చార్జరు నేను తెచ్చుకుంటాను.