కప్పు తేవడానికే ఊరు దాటేవాళ్లు

మా రోజుల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు బొంబాయి రైలెక్కిందంటే రోవర్స్ కప్పు తేవడానికే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు మన సిటీ పోలీసులే పట్టుకొచ్చారు. కోచ్ రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది ఆయన శిక్షణలోనే. ఇప్పటి పిల్లలకు ఆయనంటే ‘మైదాన్’ సినిమాలో అజయ్ దేవగణ్. ఏం చేస్తాం!

ఆ పోలీసు జట్టుకు ఓనరంటూ ఎవరూ లేరు. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం లాంటి మెరికలు కలకత్తా వెళ్లిపోయారు, నిజమే. ఆటగాళ్లు వెళ్లారు గానీ జట్టు వెళ్లలేదు.

ఇప్పుడో? 2019లో పుణె జట్టు మూతపడి, దాని చోట హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. (పుణె వాళ్ల గోడు మనకెందుకు పడుతుంది!) 2022లో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది. మా మనవడితో పాటు నేనూ గంతులేశాను. 2025లో యాజమాన్యం జట్టును ఢిల్లీకి తరలించి, ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’ అని పేరు మార్చేసింది. అద్దెకున్నవాడైనా ఖాళీ చేసే ముందు నెల నోటీసిస్తాడు! గచ్చిబౌలి స్టేడియంలో గొంతు చించుకున్నవాళ్లను అడగాలని ఏ చట్టంలో ఉంది?

అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. ఆశగా చూశాను. క్రీడా సమాఖ్య కార్యవర్గం 15 మందికి మించకూడదు, అందులో కనీసం నలుగురు మహిళలుండాలి, తగవులు తీర్చడానికి ట్రైబ్యునల్. బాగానే ఉంది. అంతర్జాతీయ నియమాలు ఒప్పుకుంటే 70 నుంచి 75 ఏళ్లవాళ్లూ పోటీ చేయొచ్చట. మా వయసువాళ్ల కుర్చీల మీద ఎంత శ్రద్ధో! క్లబ్బును ఎవరు కొనాలి, ఎక్కడికి తీసుకుపోవచ్చు అన్న ఊసే లేదు.

ఇంగ్లండ్ వాళ్లకు ఈ దెబ్బ ముందే తగిలింది. 2003లో వింబుల్డన్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు ఎత్తుకుపోయారు. 2019లో బరీ క్లబ్బును లీగ్ నుంచే తీసేశారు. చివరికి 2025 జులైలో చట్టం తెచ్చుకున్నారు. ఓనరు తగినవాడో కాదో ఆ చట్టం పెట్టిన నియంత్రణ సంస్థ తేలుస్తుంది. దాని అనుమతి లేనిదే మైదానం అమ్మకూడదు, వేరే చోటికి మారకూడదు. చొక్కా రంగు మార్చాలన్నా అభిమానుల్లో ఎక్కువమంది సరేననాలి.

మన ఎంపీలకు ఒకటే విన్నపం. మన క్రీడా పరిపాలన చట్టాన్ని ఎప్పుడు సవరించినా, క్లబ్బు ఊరు మారాలంటే ఆ ఊరి అభిమానులు ఒప్పుకోవాలని ఒక్క సెక్షన్ రాయండి.