కాల్చిన మట్టి సిమెంటు: అడక్కుండా ఇచ్చే ఏడు సలహాలు

ఎల్‌సీ3 అని ఒక సిమెంటు వచ్చింది. అందులో క్లింకర్, అంటే సున్నపురాయిని మట్టితో కలిపి కాల్చిన మామూలు సిమెంటు ముడిసరుకు, సగమే. మిగతాది 30 పాళ్లు కాల్చిన మట్టి, 15 పాళ్లు సున్నపురాయి పొడి, 5 పాళ్లు జిప్సం. స్విట్జర్లాండ్, క్యూబా శాస్త్రవేత్తలతో పాటు మన ఢిల్లీ, మద్రాసు ఐఐటీల వాళ్లూ దీనిమీద ఏళ్ల తరబడి తలలు పగలగొట్టుకున్నారు. 2023లో ఐఎస్ 18189 అని ప్రమాణం కూడా వెలువడింది. వాళ్లంత కష్టపడ్డారు కాబట్టి మనం పడనక్కర్లేదు. ఇవి పాటిస్తే చాలు.

1. మట్టి ఏదైనా మట్టే. అందులో కయోలినైట్ అనే ఖనిజం నూటికి 40 పాళ్లయినా ఉండాలని ల్యాబువాళ్లు సణుగుతారు. చేలో నల్లరేగడి ఊరికే పడి ఉండగా తెల్లమట్టికి లారీ కిరాయి ఎందుకు? పత్తి పండిన చోట సిమెంటు పండదా?

2. బాగా కాల్చండి. 700–850 డిగ్రీల దగ్గర కయోలినైట్ తనలో ఇమిడిన నీటిని వదిలేసి, అణువుల వరస చెదిరి, సున్నం కనబడితే చాలు పట్టుకునే మెటాకయోలిన్ అవుతుందట. అక్కడ ఆగడం పిరికితనం. క్లింకర్ 1450 దాకా కాలుతోంది, మట్టికేం తక్కువ? మరీ కాలిస్తే అణువులు మళ్లీ వరస కట్టి, ఆ పొడి దేనితోనూ కలవదని బెదిరిస్తారు. కలవకపోతే గొడవే లేదు.

3. ఎర్రగా ఉంటే వెనక్కి పంపండి. మట్టిలోని ఇనుము వల్ల ఆ రంగు, చల్లార్చేటప్పుడు ఆక్సిజన్ తగ్గిస్తే బూడిదరంగే వస్తుంది, బలానికీ రంగుకూ సంబంధం లేదు అంటారు. సిమెంటును పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టే చూడాలి.

4. సున్నపురాయి పొడి తీసేయించండి. కాల్చని రాయి కల్తీ కాక మరేమిటి? మట్టిలోని అల్యూమినా, రాయిలోని కార్బొనేటు, క్లింకర్ వదిలిన సున్నం కలిసి కార్బోఅల్యూమినేట్ స్ఫటికాలు కడతాయట. అవి సందులు పూడ్చేస్తే ఉప్పుగాలి ఇనుము దాకా చేరడం కష్టమట. సముద్రతీరంలో ఇల్లు కట్టేవాళ్ల చెవిన ఈ మాట పడనివ్వకండి.

5. క్లింకర్ మొత్తం మానేయండి. క్లింకర్ కోసం సున్నపురాయి కాలితే దాని బరువులో 44 పాళ్లు కార్బన్ డయాక్సైడై గాలిలో కలుస్తుంది. క్లింకర్ సగం చేస్తేనే ఆ కాలుష్యం 30–40 పాళ్లు తగ్గుతుంటే, పూర్తిగా తీసేస్తే ఎంత పుణ్యం! మట్టికి కావలసిన సున్నం ఇచ్చేదే క్లింకర్, అది లేకపోతే బస్తాలో మిగిలేది మట్టే అని అడ్డుపడేవాళ్లను పర్యావరణ ద్రోహులనండి.

6. నీళ్లకు మొహమాటపడకండి. ఈ మట్టి రేణువులు సన్నవి, నీటిని పట్టేసుకుంటాయి. జారుడు కొలిచే స్లంప్ కోన్ ఎత్తితే కాంక్రీటు జారకుండా అదే ఆకారంలో మొండిగా నిలబడుతుంది. ఇంజనీరు నీళ్లు కాదు, జారుడు పెంచే మందు సూపర్‌ప్లాస్టిసైజర్ పెంచమంటాడు. అది డబ్బు పెట్టి కొనాలి, బోరు నీళ్లు ఊరికే వస్తాయి. రెండు బకెట్లు గుమ్మరించండి. సిమెంటు పాలు సెంట్రింగ్ సందుల్లోంచి కిందికి కారుతుంటే పని తేలికైనట్టే.

7. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపకండి. తడి ఆరితే మట్టికీ సున్నానికీ జరిగే పని మధ్యలో ఆగిపోతుందంటారు. లోపల మిగిలే సున్నం తక్కువ కాబట్టి కార్బన్ డయాక్సైడ్ త్వరగా దిగుతుందనీ, కడ్డీలు తుప్పు పట్టకుండా వాటి మీద కాంక్రీటు కవర్ తగ్గకూడదనీ అంటారు. కవర్ బ్లాకులకు బదులు చేతికందిన కంకర ముక్క పెట్టేయండి.

ఇన్ని చేశాక స్లాబు కారితే కంగారు పడకండి. ఆడలేక మద్దెల ఓడు అనడానికి ఇంతకంటే మంచి మద్దెల దొరకదు. ‘మట్టితో సిమెంటేమిటి, నేను ముందే చెప్పా’ అనండి. కాల్చిన ఇటుకపొడి సుర్ఖీని గానుగ సున్నంలో కలిపి తాతలు కట్టిన గోడలు ఇంకా నిలబడే ఉన్నాయని ఎవరైనా గుర్తుచేస్తే, ‘ఆ రోజులు వేరండీ’ అని బిల్లు చేతిలో పెట్టండి.